కాళ్ళున్న అక్షరాలు

ప్రెస్సులో చిన్నాపెద్దా అందరికీ ఆయన బాబాయే. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరుసగా పేర్చే కంపోజిటర్. గోడవారన ఎన్ని రకాల అక్షరాలున్నా ఆయన ప్రాణమంతా ఒక్కదాని మీదే, పాతకాలపు కాళ్ళ ఇంగ్లీషు అక్షరం మీద. నిలువుగీత లావు, అడ్డగీత సన్నం, ప్రతి గీత కొసనా బుల్లి పాదం. దాన్ని సెరిఫ్ అంటారట, అననివ్వండి. పాదముంది కనుకే అక్షరం వరుసలో నిలకడగా నిలబడుతుందనీ, చదివే కన్ను తడబడదనీ బాబాయి వాదన. పుస్తకానికీ, పెళ్ళిపిలుపుకీ, చావుకబురుకీ అదే వాడేవాడు. ఓసారి చెప్పుల కొట్టాయన తన ప్రకటనకూ అదే కావాలంటే, "పెళ్ళికొడుకు చేత మూటలు మోయిస్తావా?" అని కసిరి పంపేశాడు.

భార్య మోకాళ్ళ నొప్పితో కుంటుకుంటూనే మధ్యాహ్నం క్యారేజీ తెచ్చేది. "అక్షరాలకి కాళ్ళు బాగానే కుదిరాయి, నా కాళ్ళ సంగతి ఎవరికి పట్టింది?" అనేది. ఆరబెట్టిన పెళ్ళికార్డులు చూస్తే మూతి తిప్పేది. "పెళ్ళిళ్ళన్నిటికీ మీ అక్షరాలు వెళ్ళొస్తాయి. మనల్ని మాత్రం ఒక్కడూ పిలిచిన పాపాన పోలేదు!"

ఆమె పోయినప్పుడు ఆ కబురు కార్డు ఆయనే పేర్చాడు. అచ్చయ్యాక అక్షరాలను విడదీసి దేని గడిలోకి దాన్ని చేర్చాలి. లేకపోతే మర్నాటి పనికి అక్షరాలుండవు. ఇంకెవరైనా అలా వదిలేస్తే ఇల్లెగిరిపోయేలా అరిచే మనిషి, పేర్చిన ఆ అక్షరాల పేజీని మాత్రం అలాగే దారంతో కట్టి బల్ల కింద దాచుకున్నాడు. వచ్చీరాగానే దాన్ని గుడ్డతో తుడిచేవాడు. ప్రెస్సు యజమానురాలు చూసీ చూడనట్టు ఊరుకుంది.

ఒకరోజు పెళ్ళికూతురే స్వయంగా వచ్చింది. "మా అమ్మానాన్నల కార్డు మీరే వేశారట బాబాయ్‌గారూ. నాదీ అదే అక్షరంతో వేయండి."

సగం పేర్చేసరికి అక్షరాలు చాలలేదు. ఆ రకం అక్షరాలు పోతపోసేవాళ్ళు ఇప్పుడెక్కడా లేరు.

"వేరే అక్షరం వేద్దాంలే బాబాయ్. ఆ పిల్లకి నేను నచ్చజెప్తాను," అంది యజమానురాలు.

"వద్దమ్మా. పెళ్ళి పని."

ఆయన బల్ల కిందకు వంగి ఆ పేజీ తీసి, దారం విప్పాడు. భార్య పేరు చివరికి ఉంచుకుని, తక్కినవన్నీ ముందు విడదీశాడు. విడదీస్తున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాడు, ఎవరు చూసినా కళ్ళు తుడుచుకోలేదు. గడుల్లో పడ్డాక, ఆమె పేరుకు నిలబడ్డ అక్షరాలు ఏవో ఆయనకే తెలియలేదు. వాటిలోంచే ఏరి పెళ్ళికార్డు పూర్తిచేశాడు.

కార్డులు తీసుకెళ్ళడానికి వచ్చిన ఆ పిల్ల పైకార్డు తీసి రెండు చేతులా ఆయనకందించింది.

"మొదటి పిలుపు మీకే. పిన్నిగారిని కూడా తీసుకురావాలి మరి!"

పాపం, ఆ పిల్లకు తెలియదు. యజమానురాలు ఏదో చెప్పబోతే బాబాయి చేత్తో వారించాడు. ఇన్నేళ్ళకు పిలుపొచ్చింది, అందుకోవడానికి ఆవిడ లేదు. కార్డు మీది అక్షరాలను బొటనవేలితో మెల్లగా తడిమాడు.

"వస్తాం తల్లీ," అన్నాడు. "ఇద్దరం వస్తాం."