మైనం తుడిచిన తూటాలు

దసరా వెళ్లిన వారం అమలాపురంలో రైఫిల్ షూటింగ్ సెలక్షన్లు జరిగాయి. నెగ్గితే మా మనవరాలు వాణిని రాష్ట్ర జట్టులోకి తీసుకుంటారు. నేనూ మా ఆవిడా తోడు వెళ్లాం.

పోటీకి ముందు సరిచూసుకోడానికి వాణి కాల్చిన తూటాలు ఒకటి పైకి, ఒకటి కిందికి పోయాయి. తన ముఖం పాలిపోయింది.

“నా చెయ్యి పోయింది తాతయ్యా. ఇంటికెళ్లిపోదాం” అంటూ షూటింగ్ కోటు విప్పబోయింది.

కోచ్ మాస్టారు వాణి పెట్టెలో మిగిలిన తూటాలు వేళ్లతో రుద్ది చూశారు. “గొట్టంలో సాఫీగా జారడానికి వీటి మీదుండే మైనం పూత ఏదండీ? కొన్నిటికుంది, కొన్నిటికి లేదు.”

మా ఆవిడ గొంతు సవరించుకుంది. “నేనే తుడిచేనండీ. ఆయుధపూజలో జిడ్డుతో పెడతామేంటి? సగంలో చెయ్యి నొప్పెట్టి వదిలేసేను.”

“తుడిస్తే అన్నీ తుడవాలి కదే!” అని కసిరాను.

మాస్టారు నవ్వేశారు. “ఆయ్, అదీ కొంత నిజమేనండీ. అన్నీ ఒక్కలా ఉంటేనే ఒక్కచోటికి పోతాయి.”

వాణి ఇంకా సీలు విప్పని కొత్త పెట్టె తీసింది. ఈసారి చిల్లులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. సెలక్టయింది.

పల్చటి పూత అంత పని చేస్తుందని ఆ రోజే తెలుసుకున్నాను. అన్నేళ్లు సాధన చేసిన పిల్ల, తూటాను వదిలేసి ముందు తన చేతినే ఎందుకు అనుమానించిందో మాత్రం ఇప్పటికీ తెలియలేదు.

— సత్తిరాజు, రాజోలు