సలోమి అక్క చూడని డ్రైవ్

పాత లాప్‌టాప్‌లోంచి తీసిన హార్డ్ డ్రైవ్‌ను ఇవాళ పొద్దున నా కంప్యూటర్‌కు తగిలించాను. లోపలి బిళ్ల తిరగడం మొదలై సన్నగా గుయ్యిమంది. ఇప్పటి డ్రైవ్‌లు చప్పుడు చేయవు. ఆ మోత వినగానే సలోమి అక్క గుర్తొచ్చింది.

మాచర్ల బస్టాండు దగ్గర అక్కకు కంప్యూటర్ రిపేరు షాపు ఉండేది. డిగ్రీ అయ్యాక నేను అందులో పనికి చేరాను. మరలు విప్పి డ్రైవ్ తీయడం, దాన్ని చిన్న డబ్బాలో బిగించి యూఎస్‌బీ వైరుతో మరో కంప్యూటర్‌కు కలపడం ఆమే నేర్పింది. మొదటిసారి నేను కలిపినప్పుడు, డ్రైవ్‌ను ఫార్మాట్ చేయాలా అని తెర మీద ప్రశ్న వచ్చింది. సరేనని నొక్కబోతే అక్క నా మణికట్టు పట్టుకుంది.

"ఆగవే! నొక్కావంటే ఉన్నదంతా పోద్ది. అది అడిగితే సరే అనేయడమేనా ఏంది?"

కోపంలో కూడా ఆమె గొంతు పెంచేది కాదు.

ఒకరోజు ఒకాయన పాడైన లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. తన ఆఫీసు కంప్యూటర్ల పనంతా మాకే ఇచ్చే మనిషి. లాప్‌టాప్ మాత్రం ఆయన భార్యది. గొడవపడి ఆమె ఈపూరులో పుట్టింటికి వెళ్లిపోయింది.

"దీంట్లో ఏముందో మొత్తం తీసి నాకియ్యి" అన్నాడు.

"ఆమెను రమ్మను అన్నా. ఆమె ముందే తీస్తా" అంది అక్క.

"మొగుడూ పెళ్లాల మధ్య నీదేంది?"

"నాదేం లేదు. అందుకే చూడను."

ఆయన లాప్‌టాప్ విసురుగా తీసుకుని వెళ్లిపోయాడు. ఆ ఆఫీసు పని మళ్లీ మా షాపుకు రాలేదు. ఇట్లయితే షాపు నడిచేదెట్లా అని అడిగితే, అక్క చేతిలో పని చేసుకుంటూ పోయింది.

కొన్నాళ్లకు ఆ భార్యే తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. పెద్దమనుషులు మాట్లాడి లాప్‌టాప్ ఇప్పించారట. అక్క డ్రైవ్ తీసి మా కంప్యూటర్‌కు కలిపింది. తెర ఆమె వైపు తిప్పి, కుర్చీ ఆమెకిచ్చి, నన్నూ లేవమంది. ఇద్దరం వెళ్లి గుమ్మంలో రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాం. ఆమె తనకు కావలసినవేవో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంది. అవేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

వెళ్లబోతూ ఆగింది. "ఆయన ముందు ఇక్కడికే తెచ్చాడంట. మీరేమన్నా చూశారా?"

"లేదమ్మా" అంది అక్క.

ఆమె సలోమి అక్క మొహంలోకి చూసింది. తర్వాత మంచినీళ్లు అడిగి, గ్లాసెడూ తాగి, తమ్ముడి బండెక్కి వెళ్లిపోయింది.

అక్క ఇప్పుడు లేదు. నరసరావుపేటలో నా షాపుకు వచ్చేవాళ్లు చాలామంది, "మీరే వెతికి ఇవ్వండి మేడమ్" అంటారు. నేను కుర్చీ వాళ్లకిచ్చి బయటికి వస్తాను. లోపల ఎవరో నవ్వుతారు, ఒక్కోసారి ముక్కు చీదుకుంటారు. నేను వెనక్కి తిరిగి చూడను.