వెచ్చని పాదులు

ఆ ఏడు మా జామతోటకు మందు కొట్టడం మానేశాను. "మందు మానేసిన" అంటే కాలనీవాళ్లు సంతోషించి నా భార్యను అభినందించారు. పురుగుమందు అని వివరించాక వాళ్ల ముఖాలు చిన్నబోయాయి.

తోట కింద ఎప్పుడో తవ్వి మూసిన బొగ్గుబాయి ఉంది. నేను పనిచేసేది దాని పక్క బాయిలోనే. షిఫ్టు దిగి వచ్చి పేడ, ఆకులు, వేపపిండి కలిపి పడమటి కొసన కుప్ప వేసేవాణ్ణి. అందులో గడ్డపార గుచ్చి, కాసేపటికి తీసి పట్టుకుంటే వేడిగా తగలాలి. అంటే ఎరువు మాగుతున్నట్టు. చలికాలమంతా మా కుప్ప వేడి తగ్గలేదు. అంత వేడినీ నా చేతి చలవే అనుకున్నాను.

కుప్ప పక్కన మొదటి వరుసలోని నాలుగు చెట్లు అదను కాని అదనులో పూసి, పిందెలు వేశాయి. వాటి పాదుల్లో పరిచిన ఆకుల మీద మంచు నిలిచేది కాదు.

"ఏందయ్యా, గీ పాదులల్ల ఒక్క వానపాము లేదు. నీ ఎరువు గింత ఘాటా?" అంది నా భార్య.

"పరేషాన్ గాకు. దావత్ ఎక్కువై ఎటో పండుకున్నయి."

చలి తగ్గాక కుప్పంతా ఎత్తి చెట్లకు వేశాం. అలవాటుకొద్దీ ఖాళీ నేలలో గడ్డపార దించి, తీసి పట్టుకున్నాను. చెయ్యి చురుక్కుమంది. ఆ రంధ్రం దగ్గర ముఖం పెడితే కిరసనాయిలు వాసన. గోడ కట్టి మూసిన పాత గనిలో బొగ్గు తనంతట తాను రాజుకుంటే వచ్చే వాసన అది. కింద దాన్ని పసిగట్టడానికే జీతం తీసుకునే ముక్కు, పైన పేడకుప్పను మెచ్చుకుంటూ కూర్చుంది.

నిప్పు పైకొస్తే ఎండుటాకుల మీదుగా తోటంతా పోతుంది. గని ఆఫీసులో చెప్పి వచ్చి ఆకులన్నీ వెనక్కి లాగేశాం. వేళ్ల వెంట నిప్పు తోటలోకి పాకకుండా ఆ నాలుగు చెట్లు కొట్టి, అడ్డంగా కందకం తీయాలన్నాను.

"పిందెలున్నయి గదయ్యా. కాయ దిగినంక కొడ్దాం."

"అందాక ఆగితే తోటే ఉండదే."

గొడ్డలి దెబ్బ పడిన ప్రతిసారీ ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. తర్వాత ఇద్దరం తవ్వాం. నడుము లోతు వచ్చాక ఆమె తోటవైపు గట్టుకు అరచెయ్యి ఆనించింది. చాలాసేపు తీయలేదు.

"ఇటు దిక్కు గూడ ఎచ్చగనే ఉన్నదయ్యా."

అంటూనే పైకెక్కి, గొడ్డలి అందుకుని, రెండో వరుసలోని మొదటి చెట్టు దగ్గరికి నడిచింది.