బందరు గిడ్డంగిలో జైరామ్ వాటా

మజీద్ గారి ముందు ఏ పాత కట్టడాన్నీ పొగడకూడదు. ఆయనకు అసూయ. ఒకరి జీతం మీదా కారు మీదా కాదు, గోడల మీద.

తొంభై తొమ్మిదిలో వైటుకే పని కోసం, అంటే రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోకుండా తేదీలు సరిచేసే పని కోసం, ఆయనా నేనూ సిడ్నీలో ఒకే ఆఫీసులో చేరాం. అది ఒకప్పటి ఉన్ని గోదాము. మొదటిరోజే మేనేజరు ఇటుక గోడను ముద్దుగా తట్టి, దీనికి నూరేళ్ళన్నాడు. మజీద్ గారి మొహం మాడిపోయింది. సాయంత్రం ఇంటికి బ్లాక్‌టౌన్ రైలెక్కాక నాతో అన్నారు: "నూరేళ్ళంటే పసిపిల్లయ్యా. మా బందరు గిడ్డంగికి ఐదొందలు."

ఆ గిడ్డంగి కథ నాకు కంఠతా వచ్చేసింది. నవాబులకన్నా ముందే కట్టారట. మొదట ఓడలకెక్కే అద్దకం బట్టలు దాచారు, తర్వాత దొరల తుపాకిమందు, ఆ తర్వాత ఉప్పు, ధాన్యం. కొన్నాళ్ళు నాటకాలాడారు. ఆయన పెళ్ళి వలీమా విందూ అక్కడే. బిర్యానీలో ఉప్పెక్కువైందని ఆయన భార్య షకీలా ఆంటీ ఇప్పటికీ అంటుంది. అది గోడల్లోంచి దిగిన ఉప్పని ఆయన వాదన. ఇప్పుడందులో కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్పుతున్నారు.

మా ఆఫీసులోనే పనిచేసే శేషగిరి ఇటలీ కోటల ఫొటోలు తెచ్చి చూపించిన రోజున గిడ్డంగి వయసు ఇంకో వంద పెరిగింది. అలాగని దాన్ని మరొకరు పొగిడినా ఓర్వలేరు. బందరువాడే అయిన ఇమాద్ ఓసారి "మన గిడ్డంగి" అన్నాడు. మీది ఊరి చివర చిలకలపూడి కదా అని అతన్ని పక్కకు తప్పించారు.

డిసెంబరులో మజీద్ గారి పెరట్లో బార్బీ, అదే, నిప్పుల మీద మాంసం కాల్చుకు తినే విందు. ఆఫీసులో మా కంప్యూటర్ సర్వర్లు చూసే జైరామ్, భార్య బిమలతో వచ్చాడు. ఫిజీలో పుట్టిన తెలుగువాడు. శేషగిరి అతన్ని ఆంధ్రాలో ఏ ఊరని అడిగాడు. తాత చెరకు తోటల పనికి ఓడెక్కాడనీ, ఊరి పేరు మాత్రం ఇంట్లో ఎవరికీ తెలియదనీ జైరామ్ మెల్లగా చెప్పాడు. ఊరే లేని తెలుగువాడేమిటండీ అని శేషగిరి నవ్వాడు. బిమల ప్లేటు పక్కన పెట్టేసింది.

మజీద్ గారు పొయ్యి దగ్గర్నుంచి వెనక్కి తిరక్కుండానే అన్నారు: "జైరామ్‌ది బందరే. మా గిడ్డంగి తాళాలు వాళ్ళ తాత దగ్గరే ఉండేవి."

శేషగిరి తన ప్లేటు తీసుకుని అవతలికి జరిగాడు. కాసేపటికి జైరామ్ పొయ్యి దగ్గరికెళ్ళాడు.

"అంకుల్, ఈజ్ దట్ ట్రూ?"

"ఎవరో ఒకరి దగ్గర ఉండాలిగా తాళాలు. మీ తాత దగ్గరుంటే తప్పేంటి?"

జైరామ్‌కు అర్థమైంది. కళ్ళు తుడుచుకుని, నవ్వి, పట్టకారు తాను అందుకున్నాడు.

కొత్త సంవత్సరం వచ్చింది, కంప్యూటర్లేవీ ఆగలేదు. మజీద్ గారికి సెలవు దొరకలేదు. జైరామ్‌కు దొరికింది, సరాసరి బందరు వెళ్ళొచ్చాడు. గిడ్డంగి తలుపు మీద చెయ్యి వేసి దిగిన ఫొటోను పెద్దది చేయించి తన బల్ల మీద పెట్టుకున్నాడు. సిడ్నీకి వచ్చాక ఎనిమిదేళ్ళుగా ఊరు చూడని మజీద్ గారు నీళ్ళ వంకతో అటు తిరుగుతూ, ఫొటోను చూస్తూ కుతకుత ఉడికిపోయారు. తలుపుకి ఆ నీలం రంగు ఎవరు వెయ్యమన్నారని నాతో గొణిగారు.

ఒకరోజు మేనేజరు ఆ ఫొటో చూసి, ఇంత అందమైన కట్టడం ఎవరిదని అడిగాడు. జైరామ్ కాస్త బెదురుగా మజీద్ గారి వైపు చూశాడు.

మజీద్ గారు ఫొటోలోని నీలం తలుపు వంక ఓసారి చూశారు.

"వీళ్ళదే," అని టీ కలుపుకోవడానికి వెళ్ళిపోయారు.