ఖాలా ఇవ్వనన్న వామాకు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరికి దగ్గొచ్చినా, కడుపు నొప్పొచ్చినా, చట్నీకి పుదీనా తక్కువైనా, వాకిట్లో పిట్టగోడ దగ్గరికి వెళ్ళి "ఖాలా" అని పిలిస్తే సరిపోయేది. మాది లాలాగూడ రైల్వే క్వార్టర్లు. రెండేసి ఇళ్ళు ఒకే గోడకు ఆనుకుని ఉండేవి. గోడకు ఇటు మేము, అటు ఖాలా వాళ్ళు. వాళ్ళాయన, మా నాన్న ఇద్దరూ వర్క్‌షాప్‌లోనే పని చేసేవాళ్ళు. ఖాలా అంటే పిన్ని అని అర్థం. ఆ లైన్లో ఉన్న పిల్లలందరికీ, ఏ ఇంటివాళ్ళమైనా సరే, ఆమె ఖాలాయే.

ఆమె వాకిలి ఒక మంచం వేస్తే నిండిపోయేంత. అందులోనే ఖాళీ నూనె డబ్బాలు, అడుగు పగిలిన బకెట్లు, ఎక్కడో దొరికిన చెక్కపెట్టెలు వరసగా పెట్టి ఆకులు పెంచేది. వంటకి ఆకులు తుంచుకున్నాక మిగిలిన పుదీనా కాడలను పారెయ్యకుండా తడిమట్టిలో గుచ్చేది. ధనియాలను చపాతీ కర్రతో మెల్లగా నలిపి, బద్దలయ్యాక చల్లేది. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు మొక్కకు పోసేది. వామాకు దగ్గర మాత్రం ఆమెకు చాలా జాగ్రత్త. నీళ్ళెక్కువైతే వేరు కుళ్ళిపోతుందని మట్టిలో వేలు పెట్టి చూసి, పొడిగా తగిలితేనే పోసేది. ఆ ఆకు మందంగా, నూగు నూగుగా ఉండేది. వర్షం పడే సాయంత్రాల్లో దాన్ని శెనగపిండిలో ముంచి బజ్జీలు వేసి, వేడి వేడిగా పళ్ళెంలో పెట్టి గోడ మీదుగా అందించేది. ఆ పళ్ళెం అమ్మ ఖాళీగా తిరిగి ఇచ్చేది కాదు.

వామాకు కోసం దూరం నుంచి కూడా వచ్చేవాళ్ళు. పసిపిల్లలకు జలుబు చేస్తే ఆకును పెనం మీద కాస్త వేడి చేసి, పిండి, ఆ రసం నాలుక మీద రాసేవాళ్ళు. ఖాలా ఎవరినీ ఉత్త చేతులతో పంపేది కాదు. ఆకు లేదని గానీ, ఇవ్వనని గానీ ఆమె నోట నేను విన్నది ఒక్కసారే.

అప్పుడు నేను ప్రైమరీ స్కూల్లో చదువుతున్నాను. నా తర్వాత చాలా ఏళ్ళకు పుట్టిన తమ్ముడు గోడ పట్టుకుని నిలబడుతూ, వదిలేసి కూలబడుతూ, తన పాటికి తనే నవ్వుకుంటూ ఇల్లంతా తిరిగే వయసులో ఉన్నాడు. ఆ చలికాలం వాడికి జలుబు పట్టుకుంది. మొదట ఆకు ఇచ్చింది ఖాలాయే. తనే వచ్చి, రసం తీసి, తేనె కలిపి పట్టించింది. వాడు రెండు రోజులు బాగానే ఆడుకున్నాడు. తర్వాత జ్వరం తిరగబెట్టింది. పాలు తాగడం మానేశాడు. ఏడవడం కూడా మానేశాడు. అమ్మ ఒళ్ళో కళ్ళు సగం మూసుకుని, పరుగెత్తి వచ్చినవాడిలా ఆయాసపడుతూ పడుకున్నాడు.

నాన్న అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఇంట్లో నాయనమ్మ మాటే మాట. "పోయి ఖాలానడిగి నాలుగు వామాకులు పట్కరా బిడ్డా" అని నన్ను పంపింది. నేను గోడ దగ్గరికి వెళ్ళి అడిగితే ఖాలా ఆకు కోయడానికి వంగింది. వంగినావిడ ఆగి, తమ్ముడు ఎట్లా ఉన్నాడని అడిగింది. పాలు తాగడం లేదని చెప్పాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, ఆకు కోయకుండానే మా ఇంటికి వచ్చింది.

వచ్చి అమ్మ పక్కన కూర్చుని తమ్ముడి చొక్కా పైకెత్తింది. వాడు గాలి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. ఖాలా దాన్నే చూసింది. తర్వాత చొక్కా కిందికి లాగి, "ఇది ఆకుతోని పొయ్యేది కాదు చెల్లె. దవాఖానకు తీస్కపోదాం. నేను సుత వస్తా, రిక్షా పిలుస్త" అంది.

నాయనమ్మ ఒప్పుకోలేదు. మా తాతయ్య నడిచి ఆసుపత్రికి వెళ్ళి, తిరిగి మనుషుల భుజాల మీద వచ్చాడట. అప్పటినుంచి ఆమెకు ఆసుపత్రి అనే మాట వింటేనే భయం. ఆ భయాన్ని ఆమె భయం అని చెప్పుకునేది కాదు, కోపం చేసి చూపించేది.

"నా కొడుకును, నా బిడ్డలను ఆకులతోనే పెంచిన. నువ్వు ఆకియ్యి. మిగిలింది నేను చూస్కుంటా."

"ఇయ్యను పెద్దమ్మా" అంది ఖాలా. గొంతు పెంచలేదు. "ఆకిస్తే మీరు ఇంట్లనే కూసుంటరు. పిలగానికి టైం లేదు."

"గంత పెద్దదానివైనవా? నీ ఆకు లేకుంటే నా మనుమడు బతకడా?"

ఖాలా అమ్మ వైపు చూసింది. అమ్మ నాయనమ్మ వైపు చూసి తల దించుకుంది. ఆ ఇంట్లో అత్త మాట దాటి గడప దాటడం అమ్మకు అలవాటు లేదు. ఖాలా మా వాకిట్లో చాలాసేపు నిలబడింది. రిక్షా కూడా పిలిపించింది. అది మా ఇంటి ముందు ఆగి, ఎవరూ ఎక్కకపోతే వెళ్ళిపోయింది. నాన్నకు కబురు చెప్పమని వర్క్‌షాప్ గేటు దాకా మనిషిని పంపింది గానీ, ఆ కబురు లోపలికి చేరలేదు.

నాయనమ్మ వెనక లైన్లో ఎవరింట్లోనో వామాకు తెప్పించింది. పెనం మీద వేడి చేసింది. రసం పిండింది. తులసి కలిపింది, మిరియం కలిపింది. సాయంత్రం దాకా పట్టిస్తూనే ఉంది. వాడు మింగడం లేదు. రసం పెదవి పక్క నుంచి కారిపోతోంది. కొంగుతో తుడిచి మళ్ళీ పట్టించేది.

వర్క్‌షాప్ సైరన్ మోగాక నాన్న వచ్చాడు. తమ్ముణ్ణి చూసి, చేతిలో టిఫిన్ డబ్బా కూడా కింద పెట్టకుండా ఎత్తుకుని పరుగెత్తాడు. అమ్మ చెప్పులు లేకుండా వెనకాల వెళ్ళింది. మర్నాడు పొద్దున వాళ్ళు వాడిని తీసుకుని ఇంటికి వచ్చారు. నాన్న తువ్వాలులో చుట్టి ఉన్నాడు వాడు.

అందరూ వెళ్ళిపోయాక వంటింట్లో నాన్న అమ్మతో చెబుతుంటే నేను విన్నాను. ఛాతీ నిండా నిమ్ము చేరిందనీ, పొద్దున్నే తెచ్చి ఉంటే ఏమన్నా చేసేవాళ్ళమనీ డాక్టర్ అన్నాడట. అమ్మ పిండి కలుపుతూనే ఉంది. నాన్న ఆ మాట నాయనమ్మకు చెప్పలేదు.

నాయనమ్మ వేరే మాట చెప్పడం మొదలుపెట్టింది. పలకరించడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పింది. "ఒక్క ఆకడిగిన. గోడవతల అంత చెట్టు పెట్టుకొని ఒక్క ఆకియ్యలే. ఇచ్చుంటే నా మనుమడు బతుకుతుండె." కొళాయి దగ్గర చెప్పింది, కిరాణా దుకాణంలో చెప్పింది. నమ్మినవాళ్ళు నమ్మారు. నమ్మనివాళ్ళు కూడా ఏడ్చే ముసలామె ముందు ఊరుకున్నారు. మెల్లగా ఖాలా వాకిట్లోకి ఆకుల కోసం వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. పుదీనా డబ్బా అంచులు దాటి కిందికి పాకింది. కొత్తిమీర పూత పట్టి ముదిరిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయేది. ఒకరోజు బడి నుంచి వస్తూ తిన్నగా ఖాలా ఇంటికే వెళ్ళాను. నేను విన్నదంతా చెప్పి, డాక్టర్ అన్న మాట అందరి ముందూ నాయనమ్మకు చెప్పేస్తానన్నాను. ఖాలా బియ్యం చెరుగుతోంది. చాట పక్కన పెట్టి నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది. అప్పుడు చెప్పింది, తనకూ ఒక కూతురు ఉండేదని. మేము ఆ క్వార్టర్లకు రాకముందు సంగతి. ఆ పాపకూ ఇలాగే దగ్గు, ఇలాగే ఆయాసం. ఇంట్లో చెట్టుంది, చేతిలో ఆకుంది, భయమెందుకు అనుకుందట.

"గీ చేతులతోనే పట్టించిన. అట్లనే పోయింది" అంది. "నాకప్పుడు తిట్టనీకి ఎవ్వరు లేకుండె బేటా. ఎవరన్న అడ్డం పడి ఉంటే వాళ్ళను తిట్టుకుంట బతుకుతుంటి. నన్ను నేనే తిట్టుకున్న. అది ఎంత తక్లీఫో నీకు తెల్వది. మీ నాయనమ్మకు నేను దొరికిన. ఉండనియ్యి."

"కానీ అది అబద్ధం గదా ఖాలా."

"అబద్ధమే. ఆమెకు సుత తెలుసు. నువ్వు చెప్తే కొత్తగ తెలిసేది ఏం లేదు, నిలబడే జాగ పోతది, అంతే."

నాకు ఆ మాట పూర్తిగా అర్థం కాలేదు. కానీ ఆమె ఎంత నెమ్మదిగా చెప్పిందంటే, ఇంటికెళ్ళాక నోరు తెరవలేకపోయాను. వెళ్ళే ముందు ఆమె నా అరచేతిని నా ఛాతీ మీద పెట్టి, మామూలుగా గాలి పీల్చినప్పుడు ఎముక ఎలా కదులుతుందో చూపించింది. గుంట పడితే ఆకు పని అయిపోయినట్టేనని, ఎవరు ఏమన్నా ఆగొద్దని చెప్పింది.

నాయనమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. ఆ గోడ వైపు మళ్ళీ తిరిగి చూడలేదు. ఖాలా ఇంటి ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే చుట్టు తిరిగి వెళ్ళేది. ఆమె పోయిన రోజు ఖాలా వచ్చి మా గేటు బయటే నిలబడింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. అమ్మ శవం దగ్గర నుంచి లేచి, అందరూ చూస్తుండగా వెళ్ళి ఖాలా చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ తర్వాత కొన్నాళ్ళకే ఖాలా వాళ్ళాయన రిటైరై, వాళ్ళు క్వార్టర్ ఖాళీ చేసి వెళ్ళిపోయారు.

ఇప్పుడు నేను పద్మారావు నగర్‌లో ఒక ఫ్లాట్‌లో ఉంటున్నాను. బాల్కనీలో నాలుగు వామాకు కుండీలున్నాయి. కింది అంతస్తుల్లోని చిన్న వయసు తల్లులు ఆకు కోసం వస్తే బిడ్డను వెంట తెమ్మంటాను. చొక్కా ఎత్తి చూడకుండా ఎవరికీ ఆకు ఇవ్వను. చాదస్తం అనుకునేవాళ్ళు అనుకుంటారు.

రెండో పాఠం నేర్చుకోవడానికి మాత్రం నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఈమధ్య, తమ్ముడు పోయాక పుట్టిన మా చెల్లెలి భర్త పోయాడు. జబ్బు ముదిరేదాకా ఆయన ఎవరికీ చెప్పలేదు. చెల్లికి తెలిసినా, తగ్గిపోతుందని ఊరుకుంది. చివరికి ఆసుపత్రి మార్పించమన్నది నేను. మార్చిన వారానికే పోయాడు. "అక్క మార్పించకపోతే ఉండేవాడు" అని చెల్లి వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటే నేను ఆ గదిలోనే ఉన్నాను. మార్చకముందే జబ్బు ముదిరిపోయిందని చెప్పే రిపోర్టులు నా సంచిలోనే ఉన్నాయి. తీసి చూపిస్తే రెండు నిమిషాల పని. సంచి భుజానికి తగిలించుకుని వంటింట్లోకి వెళ్ళి అందరికీ టీ పెట్టాను.

చెల్లి ఇంకా నాతో సరిగ్గా మాట్లాడదు. ఆదివారాలు నేనే ఫోన్ చేస్తాను. ఎత్తితే అన్నం తిన్నావా అని అడుగుతాను. ఎత్తకపోతే మళ్ళీ ఆదివారం చేస్తాను.