దాపటి మోటరు

సిద్దిరాములు జమ్మికుంట పత్తి యార్డులో బోరాలు మోసే ట్రాలీ ఆటో నడుపుతాడు. వేములవాడ రాజన్న బొమ్మకు దండం పెట్టనిదే బండి తీయడు. దారిలో ముసలివాళ్లు నడుస్తూ కనబడితే అడగకుండానే ఆపుతాడు. ఆటో పట్టకముందు ముప్పై ఏళ్లు ఎడ్లతో నాగలి దున్నినవాడు.

ఆ రోజు కరీంనగర్ కాలేజీ పిల్లలు సృజన, అమిత్ తయారుచేసిన రోబోను పోటీ కోసం మంచిర్యాలకు తెచ్చాడు. పెద్ద పీటంత బండి అది. చెరో పక్కన ఒక మోటరు, నడుమ బ్యాటరీ. దూది మూట మోసుకుని సన్నటి చెక్క వంతెన దాటాలి. మూడుసార్లే అవకాశం. రెండుసార్లూ సగం ఎక్కి, ఎడమకు ఒరిగి దబ్బున పడింది.

సృజన కళ్లు తుడుచుకుంది. "ఒక్కసారన్న దాటకపోతే కాలేజీల మనం పనిచేసుకునే గదిని స్టోరుకు ఇస్తనన్నరు సారు. రెండేండ్ల పని, ఇగ ఏడ చేసుకుంటం?"

"కుడి మోటరు జోరు తగ్గిస్తే అసలు ఎక్కుతనే లేదు" అన్నాడు అమిత్.

సిద్దిరాములు సద్ది విప్పి ఇద్దరి ముందూ పెట్టాడు. "ముందుగాల రెండు బుక్కలు తినుండ్రి. నాకైతే దాపటిది గుంజుతలేదనిపిస్తుంది బిడ్డా."

అమిత్‌కు చిర్రెత్తుకొచ్చింది. "మేమేం దాపెట్టలే కాకా! అన్నీ సార్లకు చూపిచ్చినం."

సిద్దిరాములుకు నవ్వాగలేదు. "దాపెట్టుడు కాదు పోరడా, దాపట! నాగలికి ఎడమ దిక్కు కట్టేది దాపటెద్దు, కుడి దిక్కుది ఎలపటెద్దు. మీ దాపటిది అలిసింది. కొడితే నడుస్తదా? కాడి నడిమి తాడును బలమున్న ఎద్దు దిక్కు జరిపేటోళ్లం. బరువు దాని మీద పడితే, ఇది జర ఊపిరి తీసుకునేది. మీ దాంట్ల బరువేది?"

సృజన బ్యాటరీ వైపు చూసింది. చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది.

పక్క బల్ల మీది ఆదిలాబాద్ పిల్లలు అడగకముందే స్క్రూడ్రైవరు అందించారు. బ్యాటరీని నాలుగు వేళ్లు కుడికి జరిపారు. బోరాలు కట్టే రబ్బరు పట్టీతో సిద్దిరాములు దాన్ని బిగించి, "రాజన్నా, నువ్వే దిక్కు" అనుకున్నాడు.

మూడోసారి వంతెన నడిమికి రాగానే రోబో ఎడమకు కొంచెం ఊగింది. సృజన సిద్దిరాములు చెయ్యి గట్టిగా పట్టుకుంది. అది ఊగి, నిలదొక్కుకుని, నింపాదిగా అవతల దిగింది.

బహుమతి ఆదిలాబాద్ పిల్లలకు వచ్చింది. వీళ్లకు ఆ బాధే లేదు. సృజన ఫోను చేసి "దాటింది సార్!" అని అరిచింది. "గది మీదేనమ్మా" అన్న మాట పక్కనున్నవాళ్లకు కూడా వినిపించింది. అప్పుడు గుర్తొచ్చింది ఇద్దరికీ ఆకలి. సద్దిగిన్నె అడుగు కనబడేదాకా తిన్నారు.

బయలుదేరేముందు అమిత్ అడిగాడు. "కాకా, నీ దాపటెద్దు పేరేంది?"

"మల్లిగాడు." ఆ పేరు నోటికొచ్చి ఎన్నేళ్లయిందో.

సృజన మార్కరుతో ఎడమ మోటరు మీద ఆ పేరు రాసింది. గోదావరి దాటాక రోడ్డంతా గతుకులే. ప్రతి గతుకు దగ్గరా సిద్దిరాములు బండిని మెల్లగా దించాడు. మల్లిగాడు అలిసి ఉన్నాడు మరి.