నీళ్ల అడుగున నేర్చుకున్న ప్రార్థన

నిన్న సాయంత్రం వేంపల్లెలో మా వీధిలోకి దోమల పొగ బండి వచ్చింది. దట్టమైన తెల్లటి పొగ, అందులో కాగిన డీజిలు వాసన. పిల్లలు కేకలు వేస్తూ దాని వెంట పరుగెత్తారు. ఇంట్లోవాళ్లు గబగబా కిటికీలు మూస్తుంటే నేను మాత్రం గడప దాటి ఆ పొగలోకి వెళ్లి నిలబడ్డాను. ఈ వయసులోనూ గుండె గంతులు వేసింది. ఆ వాసన ఎక్కడ తగిలినా నాకు రిసాల్దార్ హుసేన్ పీరా సాబ్ కళ్ల ముందు నిలుస్తారు.

సైన్యంలో నాకు ట్యాంకు నడపడం నేర్పింది ఆయనే. పొట్టి మనిషి, నెరిసిన మీసం. ఆయనది ఆదోని. ఉత్తరాది ఇసుక నేలలో, హిందీ కేకల మధ్య, మొదటిరోజే "ఏమప్పా, యాడిది మీది?" అని ఆయన అడిగితే ఇంటి గొంతు విన్నట్లయింది. మా నాయన చర్చిలో సంఘ పెద్ద. బైబిలు వాక్యం వింటూ పెరిగిన నాకు ఏది చూసినా వాక్యమే కనిపించేది. శత్రువుకు కనపడకుండా ట్యాంకు వేసుకునే పొగతెర కూడా అంతే. మీట నొక్కితే, కాలిపోతున్న పొగగొట్టంలోకి డీజిలు చిమ్మి, తెల్లని మబ్బై ట్యాంకు చుట్టూ లేస్తుంది. మొదటిసారి నొక్కినప్పుడు ఆనందం పట్టలేక అరిచాను. "మేఘస్తంభం సాబ్! తన ప్రజలకూ శత్రువులకూ నడుమ దేవుడు నిలిపిన మబ్బు ఇదే!" అంతలో ఆ మబ్బంతా మా ముఖాల మీదికే వచ్చింది. ఇద్దరం దగ్గలేక చచ్చాం.

ఆయన కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. "మీ దేవుడు గాలి చూసే నిలిపింటాడు లేప్పా. నువ్వు చూడకుండానే నొక్కితివి." కళ్లంలో జొన్నలు తూర్పారబట్టే ముందు మనవాళ్లు చేసినట్లే, గుప్పెడు దుమ్ము తీసి జారవిడిచారు. "యాడికి పోతాండాదో చూసినాక నొక్కు."

అసలు పరీక్ష నీళ్లలో. ట్యాంకు నిండా మునిగి, కాలువ అడుగున నడిచి, అవతలి గట్టెక్కాలి. పైకి పొడుగాటి గొట్టం ఒక్కటే కనిపిస్తుంది. లోపలి మనుషులకూ ఇంజనుకూ గాలి దానిలోంచే. అందులో తప్పితే డ్రైవరు సీటు పోయి స్టోర్లో మూటలు మోయాలి. ఆ సీటంటే నాకు ప్రాణం. కానీ ఈత రాదు. మా పాపాఘ్ని ఏటిని ఇసుకగానే ఎరుగుదును.

నీళ్లు దూరకుండా మూతల చుట్టూ జిగురు ముద్ద పట్టించాక, సాబ్ నన్ను మిట్టమధ్యాహ్నం లోపల కూర్చోబెట్టి అన్నీ మూయించారు.

"యాడన్నా ఎలుగు కనపడతాందా?" బయటి నుంచి అరిచారు.

"లేదు సాబ్."

"బాగా చూడు. సూది మొనంత ఎలుగొచ్చినా ఆడ్నించే నీళ్లొస్తాయి."

చూడగా చూడగా తల పైన చుక్కంత వెలుగు మెరిసింది. "దొరికింది సాబ్!" అని గంతేసి నెత్తి పగలగొట్టుకున్నాను.

మర్నాడు దిగాం. వెనుక సాబ్, ముందు నేను. చెవులకు తగిలించుకున్న హెడ్‌ఫోన్లలో ఆయన గొంతు. "సముద్రాన్ని చీల్చినాడంటివే మీ దేవుడు! ఈడ చీల్చడప్పా. అడుగునే పోవాల."

అద్దం ముందు నీళ్లు పచ్చబడి, నల్లబడ్డాయి. మా ఇంట్లో కళ్లు తెరిచి ప్రార్థించినవాళ్లు లేరు. నాకు తెలియకుండానే తల వంగింది, కళ్లు మూతపడ్డాయి, కాలు సడలింది. ఇంజను మోత తగ్గింది.

"దేవదానం! కండ్లు మూసినావా?"

"ప్రార్థన సాబ్!"

"చేయప్పా, శానా చేయి! కండ్లు తెరిచి చేయి! ఇంజను ఆగితే పొగ పొయ్యే దారిలో నీళ్లు దూరతాయి. తొక్కు!"

తొక్కాను. కళ్లు మీటరు మీద, నోట దేవుని పేరు. చెవుల్లో ఆయన కూడా సన్నగా దువా చదువుతున్నారు. ట్యాంకు ముక్కు పైకి లేచింది. నీళ్లు జారిపోయి అద్దం నిండా ఎండ! "హల్లెలూయా!" అని రెండు చేతులూ ఎత్తేశాను.

"సీటు నీదేలే! చేతులు దించప్పా, చెట్టుకు గుద్దుతావు!"

ఆయన ఇప్పుడు లేరు. మా సంఘంలో ప్రార్థన నడిపించేది నేనే, కళ్లు తెరిచే. "దేవుని ముందర గుడ్లు తెరుచుకోని నిలబడతావేందయ్యా?" అని ముసలమ్మలు తిడతారు. మొన్న ఆదివారం అందరూ కళ్లు మూసుకుని ఉండగా, చాలాకాలంగా రాని ఒకాయన వాకిట్లో తచ్చాడుతున్నాడు. చెప్పులు విడిచాడు, మళ్లీ తొడుక్కున్నాడు. ఆమెన్ అనేలోపు వెళ్లిపోయేవాడే. ప్రార్థన ఆపకుండానే నడిచి వెళ్లి ఆయన చేయి పట్టుకున్నాను.